రాతిని గుర్తుపట్టుట ఎట్లు?

భాషాబోధన వృత్తిగా గలవారికి రాళ్ళతో పని యేమని పాఠకులకు సందేహము కలుగవచ్చును. మేము ఈ విషయమునకు వచ్చినది నిఘంటువు దారిననే. తెలుగులోని రాళ్ళ పేర్లను వరుసగా చూచినప్పుడు, వానిలో కొన్ని వట్టి పేర్లు కావని, పరీక్షలని మాకు తోచినది. సూదిని అంటించుకొను రాయి సూదంటురాయి. పలక మీద గీయగా తెల్లని గీతనిచ్చు మెత్తని రాయి బలపపురాయి. ఉక్కుతో కొట్టగా నిప్పురవ్వ రాల్చునది చెకుముకిరాయి. కంసాలి బంగారమును గీచి వన్నె చూచుకొను నల్లని రాయి గీటురాయి. బంగారమువలె తళతళలాడుచు, గోటితో తీయగా పొరలు పొరలుగా ఊడివచ్చు అభ్రకమును మనవారు కాకిబంగారమన్నారు.

ఈ పేర్లు పెట్టినవారు కళాశాలలలో చదివినవారు కారు. అయినను, రాతిని గుర్తించుటకు కంటిచూపు ఒక్కటే చాలదనియు, దానిని గీయవలెననియు, విరిచి చూడవలెననియు, చేతితో ఎత్తి బరువు తెలిసికొనవలెననియు వారెరుగుదురు. ఆధునిక ఖనిజశాస్త్రము ఆ ఎరుకకే క్రమమును, కొలతలను సమకూర్చినది. ఆ క్రమమును మన విద్యార్థులకు పరిచయము చేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. విజ్ఞానశాస్త్ర విద్యార్థులకే గాక సాహిత్య, వాణిజ్య విభాగముల వారికిని ఇది అందుబాటులోనిదే. ఏలయన, ఇందుకు కావలసిన సామగ్రి ఒక చాకు, ఒక గాజుముక్క, ఒక అయస్కాంతము, ఒక ఊరగాయ జాడీ, ఒక చిన్న త్రాసు మాత్రమే.

మన అనకాపల్లి బెల్లమునకు పేరెన్నిక గన్నది. అనుభవము గల వర్తకుడు దిమ్మ యొక్క రంగును మాత్రమే చూచి ధర కట్టడు. ముక్క విరిచి లోపలి రవ్వను చూచును. వ్రేళ్ళతో నలిపి గట్టిదనము చూచును. నాలుకపై వేసికొని రుచి చూచును. హైడ్రోస్ వంటి రసాయనమును కలిపి బెల్లమునకు లేని వన్నెను తెప్పించవచ్చునని అతనికి తెలియును. పైరంగును తెచ్చిపెట్టుట సులభము. లోపలి గుణములను తెచ్చిపెట్టుట కష్టము. రాళ్ళ విషయమునను ఇదే న్యాయము.

ఖనిజము వేరు, శిల వేరు

ముందుగా ఒక భేదమును గ్రహింపవలెను. ప్రకృతిలో ఏర్పడి, నిర్ణీతమైన రసాయన కూర్పును, పరమాణువుల క్రమమైన అమరికను గల ఘనపదార్థము ఖనిజము. అట్టి ఖనిజములు ఒకటిగాని, పెక్కుగాని కలిసి ఏర్పడినది శిల. మన తూర్పు కనుమలలో విస్తారముగా కనబడు ఒక శిలకు ఖోండలైట్ అని పేరు. ఒడిశాలోని కలహండి ప్రాంతమున దీనిని పరిశీలించిన టి. ఎల్. వాకర్ అను శాస్త్రజ్ఞుడు 1902లో, అచ్చటి ఖోండు గిరిజనుల పేరు మీదుగా దీనికా పేరు పెట్టెను. విశాఖపట్నము పరిసరముల కొండలు చాలవరకు ఈ శిలయే. ఒక ఖోండలైట్ ముక్కను భూతద్దముతో చూచినచో ఎర్రని గార్నెట్ గింజలు, గాజువలె మెరయు పలుగురాయి, తెల్లని ఫెల్డ్‌స్పార్, సన్నని సూదులవంటి సిల్లిమనైట్, అక్కడక్కడ నల్లని గ్రాఫైట్ రేకులు కనబడును. అనగా ఒక్క రాతిలో ఐదు ఖనిజములు. వానిని వేరు వేరుగా గుర్తించుటయే మన పని.

ఒక ఖనిజములో పరమాణువుల అమరిక ఎక్కడనైనను ఒక్కటే. బొర్రా గుహలలో వ్రేలాడు కాల్సైట్ అయినను, ఐస్‌లాండ్ దీవిలో దొరకు కాల్సైట్ అయినను గట్టిదనము అదే, విరుగు తీరు అదే. ఈ స్థిరత్వము మీదనే క్రింది పరీక్షలన్నియు ఆధారపడి యున్నవి.

రంగు

కంటికి మొదట కనబడునది రంగు. నమ్మదగిన వానిలో చివరిది కూడ అదియే. పలుగురాయి స్వచ్ఛముగా ఉన్నప్పుడు రంగులేనిది. అత్యల్పమైన ఇతర పదార్థముల చేరికవలననో, భూమిలోని వికిరణమువలననో అదే ఊదాగా, గులాబిగా, పొగ రంగుగా మారును. కురువిందమను ఒకే ఖనిజము ఎర్రనైనప్పుడు కెంపు, నీలివర్ణమైనప్పుడు నీలము అగుచున్నది. విశాఖపట్నము, భీమునిపట్నముల నడుమనున్న ఎర్రమట్టి దిబ్బలను చూచినవారు ఆ ఇసుకయే ఎర్రనిదని తలతురు. నిజమునకు ఆ రేణువులలో అధికభాగము పలుగురాయియే. పైనున్న ఇనుప ఆక్సైడు పూతయే ఎరుపు. ఎండకు, వానకు ఆరుబయట పడియున్న రాతికి కూడ ఇట్టి తుప్పు పొర పట్టును. కావున ఏ పరీక్షకైనను ముందు రాతిని పగులగొట్టి, క్రొత్త ముఖమును చూడవలెను. పగులగొట్టునప్పుడు కండ్లకు అద్దములు పెట్టుకొనుట మరువరాదు.

గీటు

ఖనిజము యొక్క పైరంగు మారినను, దాని పొడి రంగు సాధారణముగా మారదు. మెరుగు పూయని పింగాణి మీద రాతిని గట్టిగా గీచినచో ఆ పొడి గీతగా నిలుచును. ఇంటిలోని ఊరగాయ జాడీని బోర్లించి చూడుడు. అడుగున మెరుగు లేని గరుకు అంచు కనబడును. మన ప్రయోగశాల అదియే. స్నానపుగదిలో పరచు పింగాణి పలక యొక్క వెనుక వైపు కూడ పనికివచ్చును.

హెమటైట్ అను ఇనుప ఖనిజము పైకి ఉక్కువలె నల్లగా మెరయవచ్చును. గీచినచో మాత్రము ఎర్రని గీటు వచ్చును. దానిని పోలిన మాగ్నెటైట్ నల్లని గీటునిచ్చును. పైరైట్ బంగారు వన్నెతో ఆశపెట్టును. దాని గీటు ఆకుపచ్చ ఛాయగల నలుపు. మేలిమి బంగారపు గీటు పసుపువన్నెయే. బంగారమును సుత్తితో కొట్టినచో రేకుగా సాగును, పైరైట్ పొడియగును, కాకిబంగారము పొరలుగా విడిపోవును. ఈ మూడు దెబ్బలతో మూడు పదార్థములు వేరుపడినవి. అయితే గీటుకొక హద్దు కలదు. పింగాణికంటె గట్టివైన ఖనిజములు దాని మీద పొడిరాలవు, పింగాణినే గీచివేయును.

గట్టిదనము

ఒక ఖనిజము మరొక దానిని గీయగలిగినచో మొదటిది గట్టిది. ఈ సామాన్యసూత్రము మీద ఫ్రెడ్రిక్ మోస్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు 1812లో పది మెట్ల కొలబద్దను ఏర్పరచెను. మొదటి మెట్టు టాల్క్, అనగా మన బలపపురాయిలోని ముఖ్య ఖనిజము. రెండవది జిప్సమ్, మూడవది కాల్సైట్, నాల్గవది ఫ్లోరైట్, ఐదవది అపటైట్, ఆరవది ఆర్థోక్లేజ్ అను ఫెల్డ్‌స్పార్, ఏడవది పలుగురాయి, ఎనిమిదవది టోపాజ్, తొమ్మిదవది కురువిందము, పదవది వజ్రము. వీనిలో ఐదవదైన అపటైట్ విశాఖ మన్యములోని కాశీపట్నము వద్ద లభించును.

ఈ అంకెలు పరీక్షలోని ర్యాంకుల వంటివి. మొదటి ర్యాంకునకును రెండవ ర్యాంకునకును నడుమ ఎన్ని మార్కుల తేడా యున్నదో ర్యాంకు చెప్పదు. తొమ్మిదవ మెట్టుకంటె పదవ మెట్టు ఒక్క అంకెయే ఎక్కువయైనను, వజ్రము కురువిందముకంటె సుమారు నాలుగు రెట్లు గట్టిది.

పది ఖనిజములును చేతిలో లేకపోయినను చింతలేదు. మన గోటి గట్టిదనము సుమారు 2.5, రాగి తీగది సుమారు 3, చాకు మొనది, కిటికీ గాజుది సుమారు 5.5, ఆకురాయిది సుమారు 6.5. గోటికి లొంగునది రెండవ మెట్టు లోపలిది. గోటికి లొంగక చాకుకు లొంగునది మూడు, ఐదు మెట్ల నడుమది. చాకుకు లొంగక గాజును గీయునది ఆరు, అంతకు పైది. గీచిన పిమ్మట తడి వ్రేలితో తుడిచి చూడవలెను. గీత పోయినచో అది మెత్తని దాని పొడియే. నిలిచినచో నిజమైన గాటు. చెకుముకిరాయి నుండి నిప్పు రాలుటకు కారణము కూడ ఈ గట్టిదనమే. ఆ రాయి ఉక్కును చెక్కివేయగా, ఊడిన ఇనుప రజను గాలిలో మండి రవ్వయగుచున్నది.

మెరుపు, విరుగుడు

మెరుపును మొదట రెండు తరగతులుగా విభజింతురు: లోహపు మెరుపు, లోహేతరపు మెరుపు. పైరైట్, గాలీనా మొదలగునవి లోహమువలె మెరయును. పలుగురాయి గాజువలె, టాల్క్ జిడ్డు పూసినట్లు, కొన్ని ముత్యమువలె, మరికొన్ని పట్టువలె మెరయును.

విరుగు తీరు ఇంతకంటె ముఖ్యమైనది. పరమాణువుల నడుమ బంధము బలహీనముగా ఉన్న దిక్కున ఖనిజము చదునుగా చీలును. దీనిని విదళనమందురు. వంటింటిలోని కల్లుప్పును భూతద్దముతో చూడుడు. చితుకగొట్టినను చిన్న చిన్న ఘనములే వచ్చును. మూడు దిక్కుల చీలిక, మూడును లంబకోణములు. కాల్సైట్ కూడ మూడు దిక్కుల చీలును గాని, ప్రక్కకు ఒరిగిన పెట్టె ఆకారమున వచ్చును. ఫెల్డ్‌స్పార్ రెండు దిక్కుల, ఇంచుమించు లంబముగా చీలును. అభ్రకము ఒకే దిక్కున, పుస్తకపు పుటలవలె విడివడును. పలుగురాయికి విదళనమే లేదు. అది పగిలిన సీసా ముక్కవలె, ఆల్చిప్పలోని వంపులను తలపించు గీతలతో విరుగును.

బరువు

ఒకే పరిమాణము గల రెండు రాళ్ళలో ఒకటి ఏల బరువో, మరొకటి ఏల తేలికయో కొలుచుటకు విశిష్ట గురుత్వమను గుణము కలదు. రాయి బరువు, దాని పరిమాణమునకు సమానమైన నీటి బరువుకంటె ఎన్ని రెట్లో ఆ సంఖ్యయే విశిష్ట గురుత్వము. పలుగురాయికి 2.65, కాల్సైట్‌కు 2.7, గార్నెట్‌కు సుమారు 4, మాగ్నెటైట్‌కు 5.2, గాలీనాకు 7.5, బంగారమునకు 19.3. సముద్రపుటలలు నిత్యము చేయు పని ఇదియే. తేలికయైన పలుగు ఇసుకను అల వెనుకకు లాగికొనిపోగా, బరువైన ఇల్మెనైట్, గార్నెట్ రేణువులు ఒడ్డున నల్లని, ఎర్రని చారలుగా మిగులును. భీమునిపట్నము తీరమున ఈ చారలను ఎవరైనను చూడవచ్చును.

ఈ కొలతకు శాస్త్రీయమైన పద్ధతిని ఏర్పరచినవారిలో అబూ రైహాన్ అల్‌బీరూనీ అగ్రగణ్యులు. క్రీ.శ. 973లో జన్మించిన ఈ పండితుడు శంకువు ఆకారపు పాత్రకు వంపు గొట్టమును అమర్చి, అంచువరకు నీరు నింపి, అందులో రత్నమును జారవిడిచి, గొట్టము ద్వారా పొర్లిపోయిన నీటిని తూచినారు. ఈ విధముగా లోహములకు, రత్నములకు వారు కట్టిన విలువలు నేటి విలువలకు మిక్కిలి దగ్గరగా ఉన్నవి. వీనిని 1121లో అల్‌ఖాజినీ తన ‘మీజానుల్ హిక్మా’ గ్రంథమున భద్రపరచినారు. అల్‌బీరూనీ రత్నములను గూర్చి ‘కితాబుల్ జమాహిర్’ అను గ్రంథమును వ్రాసినారు. పచ్చను చూచిన పాము కండ్లు పోవునని ఆ కాలమున ఒక నమ్మకముండెడిది. వారు దానిని కొట్టివేయలేదు, నమ్మనూలేదు. పాము మెడకు పచ్చల హారము చుట్టి, దాని బుట్టలో పచ్చలు పరచి, వేసవిలోను చలిలోను కలిపి తొమ్మిది నెలలు పరీక్షించినారు. పాము చూపునకేమియు కాలేదని వ్రాసిపెట్టినారు. చెప్పినవాడు ఎంతటివాడైనను, చెప్పిన మాటను పరీక్షకు పెట్టుట విద్యార్థి ధర్మమని దీనివలన తెలియుచున్నది.

నేడు ఈ కొలత మరింత సులభమైనది. అంగడిలో దొరకు చిన్న డిజిటల్ త్రాసును తీసికొని, మొదట పొడి రాతిని తూచి అంకెను వ్రాసికొనవలెను. పిదప త్రాసుపై నీటి గ్లాసును ఉంచి, అంకెను సున్నకు తేవలెను. రాతిని దారముతో కట్టి, అడుగునకుగాని అంచునకుగాని తగులకుండ నీటిలో పూర్తిగా మునుగునట్లు చేతితో పట్టుకొనవలెను. అప్పుడు త్రాసు చూపు అంకెయే, రాతి పరిమాణమునకు సమానమైన నీటి బరువు. పొడి బరువును ఈ అంకెతో భాగించిన విశిష్ట గురుత్వము వచ్చును. ఉదాహరణకు రాయి పొడి బరువు 53 గ్రాములు, నీటిలో త్రాసు చూపినది 20 గ్రాములు అనుకొందము. 53ను 20తో భాగింపగా 2.65, పలుగురాయి కావచ్చును. రాయి ఎంత చిన్నదైన, త్రాసు అంత సూక్ష్మమైనదిగా ఉండవలెను.

నాలుగు తెల్లని రాళ్ళు, నాలుగు నల్లని రాళ్ళు

ఒక్క గుణముతో ఏ ఖనిజమును తేల్చి చెప్పరాదు. ఒక్కొక్క పరీక్ష కొన్ని పేర్లను తొలగించును. చివరకు మిగిలిన పేరే సమాధానము. బల్లపై నాలుగు తెల్లని ముక్కలున్నవనుకొందము. చాకుతో గీయగా రెండు లొంగినవి, రెండు లొంగలేదు. లొంగని వానిలో చదునైన ముఖములతో చీలినది ఫెల్డ్‌స్పార్. గాజువలె వంపుగా విరిగినది పలుగురాయి. లొంగిన రెండింటిని చేతుల్లోకి తీసికొనుడు. ఒకటి ఆశ్చర్యము గొలుపునంత బరువు. దాని విశిష్ట గురుత్వము 4.5. అది బెరైటీస్. రైల్వే కోడూరు సమీపమున మంగంపేటలో దీని నిక్షేపము ప్రపంచ ప్రసిద్ధము. రెండవదాని మీద సజల హైడ్రోక్లోరికామ్లపు చుక్క వేయగా బుసబుస పొంగినచో అది కాల్సైట్. ఈ చివరిది రసాయన పరీక్షయే యైనను, భౌతిక పరీక్షలకు తోడుగా వాడుకలో నున్నది. ఆమ్లమును అధ్యాపకుల సమక్షముననే వాడవలెను.

ఇక నాలుగు నల్లని ముక్కలు. జాడీ అడుగున గీయగా ఒకటి ఎర్రని గీటునిచ్చినది, అది హెమటైట్. మిగిలిన మూడింటి గీటు నలుపే. అయస్కాంతమునకు బలముగా అంటుకొన్నది మాగ్నెటైట్, మన పూర్వుల సూదంటురాయి. చివరి రెండును వ్రేళ్ళకు మసి అంటించును. వానిలో తేలికగా, జిడ్డుగా ఉండి కాగితముపై పెన్సిలువలె వ్రాయునది గ్రాఫైట్. దాని విశిష్ట గురుత్వము సుమారు 2.2 మాత్రమే. దానికి ఇంచుమించు రెట్టింపు బరువు గలది పైరోలుసైట్ అను మాంగనీస్ ఖనిజము. మన దేశమున మాంగనీస్ త్రవ్వకము 1892లో మొదలైనది అప్పటి విశాఖపట్నము జిల్లాలోనే. కోడూరు, గర్భాం గనుల పేర్లు నేటికిని భూగర్భశాస్త్ర గ్రంథములలో కనబడును.

ఈ విద్య వలన ప్రయోజనమేమి?

పరీక్షలలో మార్కుల కొరకే యైనచో మేమింతగా వ్రాయనక్కరలేదు. మన జిల్లాలోనే, నర్సీపట్నమునకు చేరువన గొలుగొండ మండలములో కరక అను గ్రామము కలదు. ఆ కొండలలో రంగురాళ్ళు దొరకునని పేరు. క్రైసోబెరిల్ అను ఖనిజమునకు చెందిన వైడూర్యము, పగటి వెలుగులో పచ్చగాను దీపపు వెలుగులో ఎర్రగాను కనబడు అలెగ్జాండ్రైట్ ఆ ప్రాంతమున లభించుటయే ఇందుకు కారణము. అది రిజర్వు అడవి. అనుమతి లేని త్రవ్వకము నేరము. అయినను రాత్రివేళ దొంగచాటుగా త్రవ్వకములు సాగించినవారి వార్తలు పత్రికలలో పలుమారులు వచ్చినవి. ఆసరా లేని గోతులలోనికి దిగువారు కూలి చేసికొను పేదలు. మట్టి విరిగిపడినచో పోవునది వారి ప్రాణము. ప్రాణముతో పైకి వచ్చినను, తమ చేతిలోని రాయి ఏమిటో వారికి తెలియదు. విలువైన దానిని పలుగురాయియని చెప్పి స్వల్పమునకు కొనవచ్చును. పలుగురాయిని వైడూర్యమని చెప్పి మరొకరికి అమ్మవచ్చును. ఈ రెండు మోసములకును ఆధారము ఎదుటివాని అజ్ఞానమే.

పిల్లికన్నువలె మెరయు రాళ్ళు పలుగురాయిలోను గలవు, క్రైసోబెరిల్‌లోను గలవు. రంగును, మెరుపును చూచి వేరుచేయుట కష్టము. అయితే పలుగురాయి గట్టిదనము 7, క్రైసోబెరిల్ గట్టిదనము 8.5. మొదటిదాని విశిష్ట గురుత్వము 2.65, రెండవదానిది సుమారు 3.7. గ్లాసెడు నీరు, ఒక దారము, ఒక సూక్ష్మమైన త్రాసు ఉన్నచో కొన్ని నిమిషములలో నిజము తెలియును. అట్లే కెంపు అని చెప్పబడు ఎర్రని రాయి మన కొండల గార్నెట్ కావచ్చును, వట్టి గాజు కావచ్చును. గాజు గట్టిదనము సుమారు 5.5, గార్నెట్‌ది సుమారు 7, కెంపుది 9. ఆడపిల్ల పెండ్లికి అప్పు చేసి నగ కొను కుటుంబమునకు ఈ అంకెలు చిన్నవి కావు. సానపట్టిన రాతిని మాత్రము గీచి పరీక్షింపరాదు. గాటు పడినచో దాని విలువ పోవును. దానికి బరువు పరీక్షయే తగినది. అదియైనను నగ నుండి విడిగా ఉన్న రాతికే చెల్లును.

మన ఇండ్లలోని మరొక వస్తువును గూర్చి కూడ చెప్పవలసియున్నది. కండ్లకు పెట్టుకొను సుర్మా అనాదిగా వచ్చుచున్న అలవాటు. పూర్వము దీనికి వాడినదిగా చెప్పబడు ఆంటిమొని ఖనిజము స్టిబ్నైట్. బజారులో సుర్మా రాయిగా దొరకునది పెక్కుసారులు గాలీనా, అనగా సీసపు గంధకము. ఒకప్పుడు పల్నాటి సీమలోని అగ్నిగుండాల ప్రాంతమున గనుల నుండి తీసినది ఈ ఖనిజమునే. రెండును బూడిద వన్నె లోహపు మెరుపు గలవే, రెండును మెత్తనివే. కాని గాలీనా విరిచినచో ఘనములుగా విరుగును, చేతికి విపరీతమైన బరువుగా తోచును. దాని విశిష్ట గురుత్వము 7.5. స్టిబ్నైట్ పొడవైన పలుకులుగా ఉండును, దానిది 4.6. సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేయునని వైద్యశాస్త్రము నిశ్చయముగా చెప్పుచున్నది. పిల్లలు కండ్లు నులిమికొని, ఆ వ్రేళ్ళను నోటిలో పెట్టుకొందురు గదా. రాయిగా ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయవచ్చును. పొడియైన పిమ్మట మన పరీక్షలు చాలవు, ప్రయోగశాలకు పంపవలసినదే. తెలియని సుర్మాను పసివారికి పెట్టకుండుటయే మేలు.

హద్దులు

ప్రతి సాధనమునకును హద్దు గలదు. 1902లో వెర్నాయ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జ్వాలలో కృత్రిమముగా కెంపును తయారుచేయు విధానమును ప్రకటించెను. అట్టి కెంపునకును గనిలోని కెంపునకును గట్టిదనము, బరువు ఒక్కటే. వానిని వేరు చేయుటకు సూక్ష్మదర్శిని, నిపుణుని కన్ను కావలెను. రాళ్ళను రుచి చూచుట పాత గ్రంథములలో ఒక పరీక్షగా చెప్పబడినది గాని, ఆర్సెనిక్, సీసము గల ఖనిజములు విషములు గనుక విద్యార్థులు దానిని చేయరాదు. నారవలె విడివడు రాతిని గీకి ధూళి లేపరాదు. అది ఆస్‌బెస్టాస్ అయినచో ఊపిరితిత్తులకు చేటు.

పరీక్ష చేసిన ప్రతిసారి ఫలితమును వెంటనే వ్రాసికొనవలెను. రాయి దొరకిన ఊరు, తేదీ, క్రొత్త ముఖపు రంగు, గీటు, గట్టిదనము, మెరుపు, విరుగుడు, విశిష్ట గురుత్వము, అయస్కాంత పరీక్ష అను వరుసలో ఒక పుట చాలును. పేరును అన్నింటి తరువాత వ్రాయవలెను. ముందే పేరు అనుకొన్నచో, దానికి సరిపడు గుణములు మాత్రమే మన కంటికి కనబడును.

చివరగా కళాశాల పాలకవర్గమునకు ఒక విన్నపము. పైన చెప్పిన ఖనిజములలో పది పండ్రెండు ముక్కలు, రెండు పింగాణి పలకలు, ఒక భూతద్దము, ఒక అయస్కాంతము, ఒక చిన్న త్రాసు కల ఒక పెట్టెను గ్రంథాలయమున ఉంచినచో అన్ని విభాగముల విద్యార్థులును ఉపయోగించుకొందురు. ఖర్చు స్వల్పము. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, గార్నెట్ ముక్కలను మన విద్యార్థులే తమ ఊళ్ళ నుండి తేగలరు. సంవత్సరమునకు ఒక దినము తల్లిదండ్రులను కూడ ఆహ్వానించి, వారి ఇండ్లలోని విడిరాళ్ళను, సుర్మా రాళ్ళను వారి ఎదుటనే విద్యార్థులచేత పరీక్షింపజేసినచో, కళాశాలలో నేర్చినది ఇంటికి చేరును. పాలకవర్గ సభ్యులు ఈ విషయమును సానుభూతితో పరిశీలింతురని ఆశించుచున్నాము.